అవతల నేనుంటా

తోటపల్లి గూడూరు దాటి, సముద్రపు ఒడ్డు పల్లెపాలెం. నాగులమ్మ ఇంటి ముందు తాటాకు పందిరి, మధ్యాహ్నపు ఎండ. కోడలు ఉష వేసిన ప్లాస్టిక్ కుర్చీలో, హైదరాబాదు నుంచి కారులో వచ్చిన సుశీల్ కుమార్ కూర్చున్నాడు; ఫోన్లో వినే సీరియల్‌లో అంతరిక్ష నౌక కెప్టెన్‌కు గొంతు ఇచ్చేది అతనే.

"అదంతా తర్వాత చెప్పుదువు గానీ నాయనా, ముందు ఆ మాట అను. నువ్వేనో కాదో నాకు తెలియాల గదా."

"ఏ మాటమ్మా?"

"ఫోన్లో అంటా ఉంటావే. ఓడ మునిగేటప్పుడు."

"అదా... ఇప్పుడెందుకమ్మా అది? మీ అబ్బాయి గణేష్ సంగతి పోలేరయ్య గారు నాకు ఫోన్‌లో చెప్పారు. ఇలాంటి సమయంలో సీరియల్ డైలాగు..."

"పోలేరయ్య పాలేనికి పెద్దకాపు, అందరికీ తీర్పు చెప్పే పెద్ద. ఆయన చెప్పేది ఆయన చెప్తాడు. నువ్వు అనవయ్యా. అడిగితే ఇంత బెట్టు జేస్తావేంది?"

"బెట్టు కాదమ్మా. సరే, అంటాను. గొంతు సర్దుకోనివ్వండి... 'ఓడ పోతే పోనీ. దూకు. అవతల నేనుంటా.' ... అయ్యయ్యో, ఏమైంది?"

"ఏం కాలా. ఉషా, ఆ చెంబు తియ్యమ్మే. నీళ్ళన్నీ సారు కాళ్ళ కిందికి పోతా ఉండాయి."

"అత్తా, నేను లోపలికి పోతా."

"యాడికీ పోబాక. ఆ గడపలో కూర్చో. నువ్వు చెప్పు, ఆయనేనా?"

"ఆయనే అత్తా. ఆ గొంతే."

"మీరు కూడా మా సీరియల్ వింటారా అమ్మా?"

"వాడు పోయినాక విన్నా. మొదట్నించీ విన్నా. ఉష ఫోన్లో పెట్టి ఇస్తే, ఒళ్ళో వల పెట్టుకొని బాగు జేసుకుంటా విన్నా. వాడుండగా ఒక్క ముక్క వినలా. చెవుల్లో అయి పెట్టుకొని కూడు తినేవాడు. కూరలో ఉప్పు ల్యాకపోయినా తెలిసేది గాదు. నీ కెప్టెన్‌ను పులుసు కాచిపెట్టమనరా అని తిట్టేదాన్ని."

"బోటుకు కూడా ఆ పేరే పెట్టినాడు సార్. కెప్టెన్ నభోజిత్ అని ఎర్ర రంగుతో. పాలెంలో అందరూ అమ్మోరి పేరు పెట్టుకుంటే ఈయన మాత్రం..."

"అంత ఇష్టమన్నమాట, నభోజిత్ అంటే."

"ఇష్టమైతే బాధేముంది నాయనా? సినిమా వాళ్ళను ఇష్టపడతారు. ఈలలు ఏస్తారు, చొక్కాలు చించుకుంటారు, ఇంటికొచ్చి అన్నం తిని పడుకుంటారు. వీడిది ఇష్టం గాదు. నమ్మకం."

"అందుకేనమ్మా నేను వచ్చింది. మీరు ఏమీ అనుకోకపోతే సూటిగా చెబుతాను. అబ్బాయికి కర్మ చేయడానికి ఒడ్డున అంతా సిద్ధం చేస్తే, మీరు ఆపేశారట. హజరత్తయ్య అనే ఆయన్ని ఒడ్డు నుంచే వెనక్కి పంపేశారట."

"పంపించినా."

"కెప్టెన్ నభోజిత్ ప్రతిసారీ చచ్చిపోయాడనుకున్నాక తిరిగొస్తాడు కదా. మీ అబ్బాయి కూడా అలాగే వస్తాడని మీరు ఎదురు చూస్తున్నారని..."

"ఎవురన్నారు?"

"పోలేరయ్య గారే. కెప్టెన్ గొంతుతో చెబితే గానీ ఆమె వినదు, మీరొకసారి రావాలి అని బతిమాలారు. కాదనలేకపోయాను."

"ఏమని చెప్తావు?"

"గణేష్ ఇక రాడని."

"చెప్పు."

"అమ్మా?"

"అంత దూరం కారేసుకొని వొచ్చినావు గదా. చెప్పు, వింటా."

"'తల్లీ నాగులమ్మా. నేను కెప్టెన్ నభోజిత్‌ను మాట్లాడుతున్నాను. నీ కొడుకు గణేష్ ఇప్పుడు నా నౌకలో ఉన్నాడు. నక్షత్రాల మధ్య...'"

"ఆపు. ఆపు సామీ. వాడు నీ నౌకలో లేడు. నీళ్ళల్లో ఉండాడు."

"మీకు... తెలుసా?"

"కన్నదాన్ని, నాకు తెలియదా? చచ్చిపొయ్యాడు నా కొడుకు. ఆ మాట నా నోటితో నేనే అంటా ఉండా. చూడు, నాలిక పడిపోలా."

"అత్తా, ఊరుకో అత్తా."

"నువ్వుండమ్మే. ఈ మనిషితో నాకు పని ఉండాది."

"మీకు తెలిసినప్పుడు కర్మ ఎందుకు ఒద్దన్నారమ్మా?"

"కర్మ ఒద్దనలా. హజరత్తయ్యను ఒద్దన్నా. అది తర్వాత చెప్తా. ముందు నేనొకటి అడగతా, దాపరికం లేకుండా చెప్పు. నీ ఇంజను పిల్లోడు ఏమైనాడు?"

"ఏ ఇంజను పిల్లాడు?"

"నీతో పాటు దూకినాడే. మంచు గోళం కాడ ఓడ పేలిపోయేటప్పుడు. నవ్వతా నవ్వతా ఉంటాడు, ఎప్పుడూ అప్పచ్చులు నమలతా ఉంటాడు. 'దూకు, అవతల నేనుంటా' అంటివి. వాడు దూకె. నువ్వు తేలితివి. ఊరంతా నీకు దండలేసిరి. వాడేడి?"

"ఓ... అతనా. అది చాలా పాత ఎపిసోడ్ అమ్మా. గుర్తు తెచ్చుకోవాలి."

"తెచ్చుకో. నాకేం తొందర ల్యా."

"నిజం చెప్పాలంటే... ఆ గొంతు ఇచ్చే కుర్రాడికి వేరే చోట పని దొరికి వెళ్ళిపోయాడు. దాంతో ఆ పాత్రను అక్కడితో వదిలేశాం."

"వదిలేస్తిరా."

"సీరియల్‌లో మామూలేనమ్మా అది. చిన్న పాత్ర. వినేవాళ్ళు కూడా ఎవరూ అడగలేదు."

"నేను అడగతా ఉండా గదా ఇప్పుడు. అంతకు ముందు ఎర్ర గోళం కాడ దూకిన ఆడమనిషి? ఆమెను గూడా వదిలేసినారా? వంటాయన? ముసిలి డాక్టరు? నేను వల అల్లుకుంటా వేళ్ళ మీద లెక్కేసుకుంటా వొచ్చినా. దూకిన ప్రతిసారీ తేలింది నువ్వొక్కడివే నాయనా."

"అమ్మా, మీరు నన్ను అంటున్నారు. నేను గొంతు మాత్రమే. రాసేది వేరే ఆయన. ఆయన కావాలనే పెట్టాడు ఆ లోపం. నభోజిత్ ఎవరి మాటా వినడు. ముందు దూకుతాడు, తర్వాత ఆలోచిస్తాడు. లోపం లేని హీరోని ఈ కాలంలో జనం నమ్మరమ్మా."

"లోపం పెట్టినారు, సరే. ఆ లోపానికి శిక్ష ఎవురికి పెట్టినారు? నేను విన్నంత మటుకు ఒక్కసారి గూడా ఆయనకు పెట్టలా."

"అది రాసే ఆయన్ని అడగాలమ్మా."

"మంచినీళ్ళు తాగు. ఉషా, ఇంకో చెంబు తెచ్చియ్యి సారుకు."

"ఒద్దమ్మా. డ్రైవర్ తొందర పెడుతున్నాడు. చీకటి పడేలోపు నెల్లూరు చేరాలి."

"చేరతావులే. ఎవురూ నిన్ను కట్టేయలా. బోటు సంగతి తెలుసునా నీకు? మా బోట్లు?"

"తెలియదు."

"ఇప్పటి బోట్లు ఫైబరువి. అల కొడితే బోర్లా పడతాయి గానీ మునగవు. పాలెంలో పాలు తాగే బిడ్డకు గూడా చెప్తాం. బోటు తిరగబడితే దాన్ని వదల్రాదు. ఈపు మీదెక్కి కూర్చోవాల. ఎండైనా వానైనా కూర్చోవాల. ఎవురో ఒకరి కంట్లో పడతాం. ఒడ్డు కనపడినా సరే, ఈదుకుంటా పోరాదు. సముద్రంలో దగ్గిర దగ్గిర గాదు."

"గణేష్‌కు ఆ సంగతి..."

"తెలియకేం? వాళ్ళ నాయన చెప్పినాడు, నేను చెప్పినా. వాడు నలుగురికి చెప్పినాడు. ఆ పొద్దు బోట్లో ఉండింది ఇద్దరే, వాడూ హజరత్తయ్యా. తెల్లారకముందే పెద్ద అల కొట్టింది. ఇంజను ఆగిపోయి అడ్డం తిరిగింది, బోర్లా పడింది. ఇద్దరూ ఎక్కి దాని మీద కూర్చున్నారు. దెబ్బ గూడా తగల్లా ఎవురికీ. హజరత్తయ్య అట్నే కూర్చున్నాడు. పొద్దెక్కినాక పక్క పాలెమోళ్ళు చూసి ఎక్కించుకొనిరి. ఈ పొద్దు కూడా చేపలకు పొయ్యొచ్చినాడు మహానుభావుడు."

"మరి గణేష్?"

"దూకినాడు."

"ఎందుకు?"

"అదే నేను హజరత్తయ్యను అడిగినా. ఎందుకు దూకినాడురా, పిచ్చి పట్టిందా నా బిడ్డకు అని. ఆయన ముందు చెప్పలా. అక్కా నన్ను అడగబాక అని ఏడ్చినాడు. మావోళ్ళు ఫోన్ను ప్లాస్టిక్ కవర్లో ఏసి మెళ్ళో కట్టుకుంటారు నాయనా. బోటు ఈపు మీద కూర్చొని వీడు ఫోన్లో ఏదో కొట్టినాడంట. ఫోను మాట్లాడిందంట. వీడి మొహం వెలిగిపోయిందంట."

"ఎవరు మాట్లాడారు?"

"ఎవురో నువ్వు చెప్పు."

"నాకెలా తెలుస్తుందమ్మా?"

"ఉషా, నాకు చెప్పను చేతగాదు. నువ్వు చెప్పు ఈయనకు."

"సార్, మీ సీరియల్ అయిపోయినాక ఒక నంబరు చెప్తారు గదా. కెప్టెన్‌తో మాట్లాడండి అని. మనం మెసేజీ పెడితే కెప్టెన్ గొంతుతో ఎమ్మటే బదులొస్తది."

"అవును. మా కంపెనీ వాళ్ళు పెట్టారు. కానీ అది నేను కాదమ్మా. మిషన్. నాతో స్టూడియోలో కొన్ని మాటలు చెప్పించుకుని దాచుకున్నారు. మీరు రాసిన దాంట్లో ఏ మాట ఉంటే దానికి తగ్గది అదే ఏరి పంపిస్తుంది. పుట్టినరోజు అంటే శుభాకాంక్షలు, పరీక్ష అంటే ధైర్యం చెప్పడం, అలాగ."

"బోటు తిరగబడింది అంటే?"

"అంటే... అలాంటివి ఎవరూ..."

"'కెప్టెన్, బోటు తిరగబడింది, ఏం చెయ్యమంటావు' అంటే ఏమొస్తది సార్?"

"ఓడ అనో, పడవ అనో, బోటు అనో ఉంటే..."

"ఉంటే?"

"అదే వస్తుందమ్మా."

"అదే అంటే?"

"ఇందాక... నేనన్నది."

"విన్నావా ఉషా?"

"విన్నా అత్తా."

"హజరత్తయ్య చెప్పింది నిజమే. పాపం, ఊరోళ్ళంతా ఆయన్ని కల్లు తాగి మాట్లాడతా ఉండాడన్నారు."

"అమ్మా, దేవుడి మీద ఒట్టు, నాకు తెలియదు. అది ఆట కోసం పెట్టిందమ్మా. పిల్లలు సరదాకు..."

"నాకు ముందు పెట్టినాడు సార్."

"ఏమిటమ్మా?"

"మెసేజీ. కెప్టెన్‌కంటే ముందు నాకు పెట్టినాడు. 'ఉషా, బోటు తిరగబడింది, పెద్దకాపుకు చెప్పు' అని. నేను నిద్రలో ఉండా. లేచి చూసుకొని కేకలేసుకుంటా పోలేరయ్య మామ ఇంటికి పరిగెత్తినా. పరిగెత్తతానే బదులు పెట్టినా, 'బోటు వదలబాక, వస్తా ఉండారు' అని. అది పోలా సార్. ఒక టిక్కే పడింది. ఈ పొద్దుకీ ఒక టిక్కే. కావాలంటే చూడండి."

"ఒద్దమ్మా... ఒద్దు. నేను చూడలేను."

"నేను పలకలా. కెప్టెన్ పలికినాడు. ఎప్పుడూ అనేవాడు సార్, నవ్వతా. నేను అలిగి మాట్లాడకపోతే, 'పోవే, మా కెప్టెన్ అలగడు, ఏ వేళకు పిలిచినా పలకతాడు' అనేవాడు."

"ఏడవబాకమ్మే. నిద్రపోవడం తప్పా? అందరం పోతాం. నిద్ర ల్యాకుండా పలికేది మనిషి గాదు."

"ఒడ్డు వైపు ఈది ఉంటాడు కదా అమ్మా? కెరటాలు..."

"ఒడ్డు పడమర. వాడు తూర్పుకు ఈదినాడు."

"తూర్పుకా? సముద్రంలోకా?"

"కృష్ణపట్నం పోయే పెద్ద ఓడలు దూరంగా లంగరేసుకొని ఉంటాయి. దీపాలు కనపడతాయి, ఎదురింట్లో వెలిగించినట్టే ఉంటాయి. 'అదుగో మామా, అవతల ఉండాడు' అన్నాడంట. 'రేయ్ ఒద్దురా, అది కోసుల దూరం' అని హజరత్తయ్య కాలు పట్టుకున్నాడు. విదిలించుకొని దూకినాడు. ఈత బాగా వొచ్చు వాడికి. అదే చెరుపు జేసింది."

"అమ్మా..."

"రోజూ కల్లోకొస్తాడు నాయనా. మొహం జూపించడు. ఈపు కనపడతా ఉంటది. ఈదతా ఉంటాడు, తూర్పుకు. అలుపు ల్యాకుండా. నేను ఒడ్డున నిలబడి గొంతు చించుకొని పిలస్తా. వాడు తిరగడు. వాడి చెవిలో వేరే గొంతు ఉండాది, నాది దూరదు. లేచి చూస్తే నా గొంతు నిజంగానే పోయుంటది, ఉషను అడుగు."

"నిజం సార్. పొద్దున్నే అత్తకు మాట రాదు. వేన్నీళ్ళు తాగితే గానీ రాదు."

"నన్ను ఏం చేయమంటారమ్మా? క్షమించమని అడిగితే సరిపోదని తెలుసు. కంపెనీ వాళ్ళతో మాట్లాడతాను. ఆ నంబరు తీయించేస్తాను. మీకు ఏదైనా సాయం..."

"సాయం తర్వాత జూద్దాం. నాకు కోపం లేదనుకున్నావా? ఉండాది. నువ్వు కారు దిగతా ఉంటే, వీడి నోరు కుట్టేయాల అనిపించింది. కానీ ఆ కోపం పక్కన బెట్టినా. ముందు నా బిడ్డ గట్టెక్కాల."

"గట్టెక్కడం అంటే?"

"మా పాలెంలో ఒక పద్ధతి ఉండాది. సముద్రంలో పోయినోడు దొరక్కపోతే, దర్భతో బొమ్మ జేసి ఒడ్డున పండబెడతాం. వాడితో ఆఖరున మాట్లాడినోళ్ళు నీళ్ళల్లో నిలబడి, పేరు పెట్టి మూడుసార్లు పిలవాల. ఆ పిలుపు పట్టుకొని వాడొస్తాడు. బొమ్మలో చేరతాడు. అప్పుడు మంట పెడితే అది కర్మ. రాకుండా మంట పెడితే గడ్డి తగలబెట్టినట్టే. వాడు అట్నే ఈదతా ఉంటాడు, ఎప్పటికీ."

"అందుకే హజరత్తయ్యను..."

"ఆయన ఒద్దురా అన్నాడు, వీడు వినలా. చెవికెక్కని మాట మాటెట్టయితది? ఉష బదులు పెట్టింది, అది చేరలా. వాడికి చేరిన ఆఖరు మాట ఒకటే. ఎవురి మాటకు పోయినాడో వాళ్ళ మాటకే తిరిగి రావాల. పోలేరయ్యకు చెప్తే, ఫోను మాట మనిషి మాట గాదు పొమ్మన్నాడు. ఫోను గాదు పెద్దకాపూ, దాని ఎనకాల ఒక గొంతు ఉండాది, ఆ గొంతుకు ఒక మనిషి ఉంటాడు అన్నా. నవ్వినాడు."

"కానీ ఆయనే కదా నన్ను పిలిపించింది?"

"నేనే పిలిపించినా. కెప్టెన్ వొచ్చి చెప్తే కర్మకు ఒప్పుకుంటా అని మొండికేసినా. ముసిలిదానికి మతి పోయిందనుకొని ఫోన్ జేసినాడు. అట్టా అనకపోతే నువ్వొస్తావా ఈడికి?"

"రానమ్మా. వచ్చి ఉండేవాణ్ని కాదు."

"లెయ్ నాయనా. ఒడ్డున బొమ్మ సిద్ధంగా ఉండాది. పంతులు గూడా ఉండాడు."

"నాకు భయంగా ఉందమ్మా."

"భయపడు. భయపడితే మంచిదే. నీ కెప్టెన్‌కు ల్యానిది అదే."

"సార్, చెప్పులు ఈడే వదలండి. ప్యాంటు పైకి మడుచుకోండి."

"ఇటు, నా చెయ్యి పట్టుకో. ఇసక కాలతా ఉండాదా? తడి ఇసకలోకి రా. హజరత్తయ్యా, నువ్వు అట్టా దూరంగా నిలబడబాక, నీ తప్పేం ల్యా, దగ్గిరికి రా. ఉషా, బొమ్మ కాడ కూర్చో. నువ్వు ఇంకో రెండడుగులు లోపలికి పో నాయనా. అల వెనక్కి లాగేటప్పుడు కాలు గట్టిగా పెట్టు."

"ఎటు తిరిగి పిలవాలమ్మా?"

"తూర్పుకు. అదుగో, ఆ ఓడ కనపడతా ఉండాదే, ఆ దిక్కుకు."

"గొంతు సర్దుకోనివ్వండి, ఒక్క నిమిషం... 'గణేష్! నేను...'"

"ఆగు! ఆగు నాయనా, నీకు దండం పెడతా! ఆ గొంతుతో గాదు. నీ ఇంట్లో నీ బిడ్డను పిలిచే గొంతుతో పిలువు. ఆ గొంతు ఇనపడిందంటే, నువ్వు అవతల ఉండావనుకొని ఇంకా లోపలికి పోతాడు!"